నరాల నొప్పి మందు: ఉత్తుత్తి మాత్ర గడి కూడా చదవండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే మందు గురించి. ప్రిగాబలిన్. 2004 చివర్లో అమెరికా ఎఫ్‌డీఏ దీన్ని లిరికా పేరుతో షుగర్ వల్ల వచ్చే నరాల నొప్పికి, అక్కి తర్వాత మిగిలిపోయే నొప్పికి అనుమతించింది. ఇవాళ మన ఊళ్ళలో ఏ మందుల షాపులో చూసినా ఏదో ఒక బ్రాండ్ పేరుతో దొరుకుతుంది. మన దగ్గర స్ట్రిప్పుతో పాటు సమాచార కాగితం (లేబుల్) చాలాసార్లు రాదు. అందుకే పిల్లలు నెట్‌లో వెతికి చదవడం, ఇంటిల్లిపాదీ హడలిపోవడం జరుగుతోంది.

ప్రశ్న: నాన్నగారికి 66 ఏళ్ళు, షుగర్ చాలాకాలంగా ఉంది. రాత్రిళ్ళు అరికాళ్ళలో మంటలు, సూదులు గుచ్చినట్టు పోట్లు. డాక్టర్ ప్రిగాబలిన్ 75 రాత్రిపూట వేసుకోమన్నారు. మా అబ్బాయి నెట్‌లో చూసి తల తిరుగుతుందని, ఆత్మహత్య ఆలోచనలు వస్తాయని చెప్పాడు. భయపడి మొదలే పెట్టలేదు. వేయమంటారా?
– ఒక సోదరి, తెనాలి

అమ్మా, మీ అబ్బాయి చదివింది నిజమే, కాకపోతే సగమే చదివాడు. ఆ కాగితంలోని పట్టికల్లో ప్రతి ఇబ్బందికీ ఎదురుగా రెండు గడులుంటాయి. ఒకటి మందు వేసుకున్నవాళ్ళది, రెండోది మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళది. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ తెలియదు, ఇచ్చిన డాక్టరుకీ తెలియదు. పెద్దల మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే తల తిరగడం మందు వేసుకున్నవారిలో నూటికి 30 మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 8 మందికి. మగతగా ఉండడం 23 మందికి, 8 మందికి. ఆ రెండు గడుల మధ్య తేడాయే మందు చేసిన పని. ఈ తేడా చిన్నదేమీ కాదు. కాబట్టి మొదటి రెండు వారాలు నాన్నగారు రాత్రి బాత్రూమ్‌కి లేచేటప్పుడు దీపం వేసి ఉంచండి, పక్కన ఒకరుండండి. ఈ వయసులో మందు కంటే పడిపోవడం ప్రమాదం.

ఆత్మహత్య ఆలోచనల మాట ఈ ఒక్క మందు గురించి రాసింది కాదు. మూర్ఛకు వాడే 11 మందులపై జరిగిన 199 పరీక్షలను కలిపి చూసి, ఆ జాతి మందులన్నిటికీ పెట్టిన హెచ్చరిక. మందు వేసుకున్నవారిలో 0.43 శాతం, వేసుకోనివారిలో 0.24 శాతం. అంటే సుమారు 530 మందికి ఒకరు అదనం. కొట్టిపారేయక్కర్లేదు. ఆయన ముభావంగా మారినా, నిద్ర పూర్తిగా చెడినా డాక్టరుకి చెప్పండి. అంతేగాని, దానికి భయపడి మందే మానేయడం నాకు సబబుగా తోచదు.

ఇక ఎవరూ అడగని ప్రశ్న: ఇది ఎంత మేలు చేస్తుంది? 2019లో కోక్రేన్ సంస్థ పరీక్షలన్నీ జల్లెడ పట్టింది. షుగర్ నొప్పిలో రోజుకు 300 మి.గ్రా. వేసుకున్నవారిలో నొప్పి సగానికి సగం తగ్గింది నూటికి 31 మందికి. ఉత్తుత్తి మాత్రతోనూ 24 మందికి తగ్గింది! చూశారా, మేలులోనూ ఆ రెండో గడి ఉంది. పనిచేసేవారికి కొందరిలో మొదటి వారంలోనే తెలుస్తుంది. మోతాదు సరిగ్గా పెంచి కొన్ని వారాలు చూసినా మార్పు లేకపోతే, ఏళ్ళ తరబడి మింగుతూ కూర్చోవద్దు. డులాక్సెటిన్ లాంటి వేరే దారులున్నాయి. ఈ నొప్పికి 300 దాటొద్దని లేబుల్ చెబుతోంది, 600 ఇచ్చి చూసినా చెప్పుకోదగ్గ అదనపు మేలు కనబడలేదు, ఇబ్బందులు మాత్రం పెరిగాయి.

ఇది నరాలకు బలమిచ్చే మందు కాదని కూడా నాన్నగారికి చెప్పండి. నొప్పి కబురు మోసుకెళ్ళే నరాల చివర కాల్షియం దారుల్ని కాస్త బిగిస్తుంది, అంతే. మొద్దుబారిన పాదం మొద్దుగానే ఉంటుంది. రోజూ అరికాళ్ళు చూసుకోవడం మానకూడదు.

ప్రశ్న: షుగర్‌కి మెట్‌ఫార్మిన్, పయోగ్లిటజోన్ వాడుతున్నాను. నరాల మందు మొదలుపెట్టాక చీలమండలు వాచాయి, చెప్పులు పట్టడం లేదు. ఉప్పు మానేస్తే చాలా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

ఉప్పు కాదు అసలు సంగతి, ఆ జంట. పయోగ్లిటజోన్ జాతి మందు ఒక్కటే వాడినవారిలో 3 శాతానికి, ప్రిగాబలిన్ ఒక్కటే వాడినవారిలో 8 శాతానికి, రెండూ కలిసి వాడినవారిలో 19 శాతానికి కాళ్ళ వాపులు వచ్చాయని లేబుల్లోనే ఉంది. మూడూ ఎనిమిదీ కలిపినా పదకొండే. పంతొమ్మిది ఎక్కడిదంటే, ఒకదానికొకటి తోడవడం వల్ల. రెండూ బరువు కూడా పెంచుతాయి. గుండె బలహీనత ఉన్నవారికి ఇది మరీ జాగ్రత్త పడాల్సిన విషయం. షుగర్ చూసే డాక్టరు ఒకరు, నరాల డాక్టరు ఒకరు అయితే ఒకరి చీటీ మరొకరికి చూపించండి. పడుకుంటే ఆయాసం వస్తుంటే ఇవాళే వెళ్ళండి.

ప్రశ్న: అమ్మకి 74 ఏళ్ళు, 48 కిలోలు. క్రియాటినిన్ 1.8. తిమ్మిర్లకని మా ఊరి ఆర్‌ఎంపీ గారు పూటకొకటి చొప్పున ప్రిగాబలిన్ 75 ఇచ్చారు. నాలుగో రోజుకే పొద్దెక్కినా లేవడం లేదు, మాట తడబడుతోంది.
– ఒక కుమారుడు, ఒంగోలు

బాబూ, ముందు అమ్మను డాక్టరుకి చూపించండి. ఈ మాటలు తర్వాత చదవొచ్చు.

ప్రిగాబలిన్ లివర్‌లో అరగదు. దాదాపు 90 శాతం ఉన్నది ఉన్నట్టుగా మూత్రంలో పోతుంది. కిడ్నీ నెమ్మదిస్తే మందు ఒంట్లో పేరుకుపోతుంది. 1.8 అంటే చాలామంది ‘కొంచెం ఎక్కువ’ అనుకుంటారు. కిడ్నీ ఎంత పనిచేస్తోందో లెక్క వేసి చూడండి: 140లోంచి వయసు తీసేస్తే 66. బరువుతో గుణిస్తే 3168. క్రియాటినిన్‌ను 72తో గుణిస్తే 129.6, దానితో భాగించి, ఆడవారు కాబట్టి 0.85తో గుణిస్తే సుమారు 21. ఈ అంకె 60 కంటే తగ్గితేనే మోతాదు తగ్గించాలి. 30–60 మధ్య సగం, 15–30 మధ్య పావు. మామూలు మనిషికి రోజుకు 150 ఇచ్చేచోట అమ్మలాంటివారికి లేబుల్ చెప్పేది 25 నుంచి 50. ఆమెకు ఇచ్చింది దానికి ఎన్ని రెట్లో మీరే చూసుకోండి.

స్ట్రిప్పు వెనక పేర్లు కూడా చదవండి. మన దగ్గర మిథైల్‌కోబాలమిన్‌తో, నార్‌ట్రిప్టిలిన్‌తో కలిపి అమ్మడం మామూలే. నార్‌ట్రిప్టిలిన్ మత్తుకి మత్తు జోడిస్తుంది. పైగా కలిపిన మాత్రలో ఒకదాన్ని తగ్గించి ఇంకోదాన్ని ఉంచడం కుదరదు. ఇలాంటి కలగలుపు మాత్రలంటే నాకు మొదటి నుంచీ గిట్టదు.

ప్రశ్న: లారీ నడుపుతాను. నడుము నుంచి కాలి దాకా లాగుతోంది, సయాటికా అన్నారు. ప్రిగాబలిన్, ట్రమడాల్ రాశారు. డ్యూటీ చేయొచ్చా?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

ఈ రెండూ వేసుకుని స్టీరింగ్ పట్టుకోవద్దు. ట్రమడాల్ లాంటి మందులతో కలిస్తే, పెద్దవయసులోనూ ఊపిరితిత్తుల జబ్బున్నవారిలోనూ ఊపిరి మందగించవచ్చని ఎఫ్‌డీఏ 2019 డిసెంబరులో హెచ్చరించింది. మద్యం సంగతి చెప్పనక్కర్లేదు.

అసలు సయాటికా అనేది ఈ మందు లేబుల్లో లేదు. ఆస్ట్రేలియాలో 209 మంది సయాటికా రోగులపై జరిపిన పరీక్ష 2017లో వచ్చింది. ఎనిమిది వారాలయ్యాక కాలి నొప్పి పదికి 3.7 దగ్గర ఆగింది. ఉత్తుత్తి మాత్ర వారిది 3.1. మందు గెలవలేదు, కళ్ళు తిరగడం మాత్రం ఎక్కువైంది. లేబుల్లో లేని జబ్బుకి డాక్టరు రాయడం నేరం కాదు. కంపెనీ అలా అమ్మితేనే తప్పు. దీని అన్నలాంటి గాబాపెంటిన్‌ను అనుమతి లేని జబ్బులకు ప్రచారం చేసినందుకు 2004లో దాని కంపెనీ 43 కోట్ల డాలర్లు కట్టింది. మీ డాక్టరుని ‘ఇది నా నొప్పికి పనిచేస్తుందా’ అని సూటిగా అడగండి. చాలా సయాటికాలు కొన్ని వారాల్లో వాటంతటవే నెమ్మదిస్తాయి.

ప్రశ్న: ఆర్నెల్ల క్రితం నడుముకి అక్కి వచ్చింది. రాయించుకుంటే మానింది. ఇప్పుడు చీర తగిలినా మంట. ప్రిగాబలిన్ ఇచ్చారు, కాస్త తగ్గింది. నొప్పి పూర్తిగా పోయిన రోజు ఆపేయొచ్చా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

పొక్కులు ఎలాగూ కొన్ని వారాల్లో మానతాయి, పేరు మాత్రం రాసినవారికి వస్తుంది. ఈసారి ఇంట్లో ఎవరికైనా అక్కి కనబడితే మూడు రోజుల్లోపు డాక్టరు దగ్గరకి పంపండి, వైరస్ మందు అప్పుడే బాగా పనిచేస్తుంది. మీ నొప్పి విషయంలో ప్రిగాబలిన్‌కు మంచి పేరే ఉంది. 300 మి.గ్రా.తో నొప్పి సగం తగ్గినవారు 32 శాతం, ఉత్తుత్తి మాత్రతో 13 శాతమే.

కానీ ఒక్కరోజులో ఆపొద్దు. నిద్ర పట్టకపోవడం, వికారం, తలనొప్పి, చెమటలు, విరేచనాలు పట్టుకోవచ్చు. డాక్టరుకి చెప్పి కనీసం వారం రోజుల పాటు మెల్లగా తగ్గించుకోండి. తగ్గించేటప్పుడు మంట మళ్ళీ లేస్తే అంతకుముందు మోతాదు దగ్గరే ఆగి, ఆయనకి ఫోన్ చేయండి.