పూజింపదగినవారు ఎవరు?



తథాగతుడు మంగళ సుత్తంలో చెప్పిన మంగళాల్లో ఒకటి, పూజింపదగిన వారిని పూజించడం. మరి పూజింపదగినవారు ఎవరు? స్టేజీ మీద మైకు పట్టుకున్నవారేనా?

అమెరికాలో మాంట్‌గోమరీ అనే ఊరు. అప్పట్లో అక్కడ సిటీ బస్సుల్లో నల్లవాళ్లు వెనక సీట్లలోనే కూర్చోవాల్సి వచ్చేది. 1955 మార్చిలో క్లాడెట్ కాల్విన్ అనే 15 ఏళ్ల పిల్ల సీటు వదలనంది. అరెస్టు చేశారు. డిసెంబర్ 1న రోసా పార్క్స్ కూడా లేవలేదు. ఆ రాత్రే కాలేజీ టీచరు జో ఆన్ రాబిన్సన్ నిద్ర మానుకుని వేల కరపత్రాలు తీసింది. డిసెంబర్ 5 నుంచి 381 రోజులు నల్లవాళ్లు బస్సెక్కలేదు. నడిచారు, కార్లలో సర్దుకున్నారు. జార్జియా గిల్మోర్ అనే వంటమనిషి వండి అమ్మించి ఆ కార్ల పెట్రోలుకు డబ్బు పోగేసింది. చివరికి 1956 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆ వేర్పాటు చెల్లదంది. ఆ కేసు గెలిచిన నలుగురు ఆడవాళ్లలో క్లాడెట్ ఒకరు.

మార్టిన్ లూథర్ కింగ్ పేరు అందరికీ తెలుసు. ఈ ఆడవాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

వాళ్లు అక్కడ నడుస్తుండగానే, 1956 అక్టోబర్ 14న బాబాసాహెబ్ నాగపూర్‌లో ధమ్మ దీక్ష తీసుకున్నారు. రెండుచోట్లా కొట్లాట ఒకటే: పుట్టుకను బట్టి మనిషికి విలువ కట్టొద్దని.

వాసెట్ఠ సుత్తంలో బుద్ధుడు ఇదే వివరించాడు. గడ్డికి, చెట్టుకు, పురుగుకు, పక్షికి, చేపకు జాతి గుర్తులు వేరువేరు. మనుషుల్లో అలాంటి తేడా లేదు. జుట్టులో లేదు, కళ్లల్లో లేదు, ఒంటి రంగులోనూ లేదు.

కులం పేరెత్తితే మనకు మండుతుంది. మరి "పిల్ల నలుపు" అనే మాట మన ఇళ్లలో వినబడటం లేదా? మా చెల్లికి సంబంధాలు చూసేటప్పుడు నేనే "చామనచాయ" అని రాయించాను. చెల్లి ఆ కాగితం చదివి, మడిచి ఇచ్చేసింది. ఏమీ అనలేదు. పంచశీలలో నాలుగో శీలం నేను అక్కడే తప్పాను.

ఈ పౌర్ణమికి చేయాల్సినవి రెండు. వందన అయ్యాక, మన వాడకు నీళ్ల కోసమో బడి కోసమో కొట్లాడిన ఒక పెద్దమ్మను ముందు వరుసలో కూర్చోబెట్టి, ఆమె మాట పిల్లలకు వినిపించండి. ఇంట్లో రంగు మాట వస్తే, అన్నది పెద్దవాళ్లయినా సరే, అక్కడే ఆపండి.

భవతు సబ్బ మంగళం.