పాత వైడ్ బెల్ట్ సాండర్: మంచిర్యాల నుంచి మా షెడ్డు దాకా

మా బాపు కరీంనగర్‌లో తలుపులు, దర్వాజాలు చేస్తాడు. వర్క్‌షాప్ అంటే ఇంటి వెనక రేకుల షెడ్డే. ఒక టేకు తలుపును రెండు పక్కలా ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాలంటే ఒక మనిషికి పూట పైనే పడుతుంది. రెండేళ్లుగా బాపుకు కుడి భుజం సరిగ్గా లేవట్లేదు. అందుకే మంచిర్యాలలో మూసేసిన ఒక ఫర్నిచర్ షెడ్డులో పాత వైడ్ బెల్ట్ సాండర్ అమ్ముతున్నారని తెలిసి, చిట్టీ ఎత్తి మరీ కొన్నాడు. నా సెమిస్టర్ సెలవులన్నీ దాంతోనే గడిచాయి. మెకానికల్ వాళ్లకు ఇందులో కొత్తేమీ ఉండకపోవచ్చు. సీఎస్ఈ వాడినైన నాకు మాత్రం ఫీడ్‌బ్యాక్ అంటే ఏంటో అక్కడే అర్థమైంది.

అసలు ఇది ఏం చేస్తుంది?

ఉప్పుకాగితాన్ని మీటరు వెడల్పు పట్టీలా చేసి, రెండు కొసలూ అతికించి, రెండు రోలర్ల చుట్టూ తిప్పితే అదే వైడ్ బెల్ట్ సాండర్. కింది రోలర్‌కు రబ్బరు తొడుగు ఉంటుంది. చెక్కను తాకేది అదే. పై రోలర్ గాలి ఒత్తిడితో పైకి లేచి బెల్టును బిగిస్తుంది. కింద ఇంకో రబ్బరు కన్వేయర్ చెక్కను లోపలికి లాగుతుంది. టేబుల్‌ను పైకీ కిందికీ జరిపి మందం సెట్ చేస్తాం. ఒక్కసారికి 0.2, 0.3 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ తీయకూడదు. ఆశపడి ఎక్కువ పెడితే టేకు మాడి నల్లచారలు పడతాయి, బెల్టూ పాడవుతుంది.

టన్నున్నరను జరపడం

నేమ్ ప్లేట్ మీద బరువు 1,400 కిలోలని ఉంది. రవాణాకు ముందు బెల్టు విప్పేశాం. టేబుల్ కింద చెక్క దిమ్మెలు పెట్టి, బరువు వాటి మీద ఆనేలా దించాం. లేకపోతే రోడ్డు కుదుపులన్నీ టేబుల్‌ను ఎత్తే స్క్రూల మీదే పడతాయి. హైడ్రాతో డీసీఎంలోకి ఎక్కించేటప్పుడు బెల్టులు మెషిన్ ఫ్రేముకే వేయించాం. కన్వేయర్‌కో, టేబుల్‌కో వేస్తే అవి వంగిపోతాయి. గోదావరి బ్రిడ్జి దాటి, గోదావరిఖని, పెద్దపల్లి మీదుగా నెమ్మదిగా వచ్చాం.

మా గల్లీలో కరెంటు తీగలు కిందికి ఉంటాయి కాబట్టి హైడ్రా లోపలికి రాలేదు. మిగిలిన ముప్పై అడుగులు పైపుల మీదే దొర్లించాం. గడ్డపారతో ఒక మూల అంగుళం లేపాలి, వెంటనే చెక్క పెట్టాలి, తర్వాత ఇంకో మూల. అలా నాలుగు మూలలూ లేచాక కింద ఇనుప పైపులు దూర్చాలి. నేను తొందరపడి గడ్డపార మీద వేలాడుతుంటే బాపు అరిచాడు: "బలం పెట్టకురా, చెక్క పెట్టు!" గడ్డపార జారినా బరువు ఆ చెక్క మీదే ఆగుతుంది, మన కాలు మీద పడదు. ఇలాంటి మెషిన్లలో బరువు పైభాగంలో ఎక్కువ. అందుకే ఒరిగే పక్కన ఎవరూ నిలబడకూడదు. ఒరిగితే పట్టుకుని ఆపుదామన్న ఆలోచనే రాకూడదు.

షెడ్డులో పెట్టాక రసమట్టంతో లెవెల్ చూసి కాళ్ల బోల్టులు సరిచేశాం.

కరెంటు ఇచ్చేముందు

దీనికి త్రీఫేజ్ కావాలి. మూడు వైర్లలో ఏ రెండు తారుమారైనా మోటర్ ఉల్టా తిరుగుతుంది. కాబట్టి మొదటి ట్రయల్ బెల్టు లేకుండానే చేయాలి. మాది ఉల్టానే తిరిగింది! కన్వేయర్ వెనక్కి పోతుంటే తెలిసిపోయింది. ఆపి, రెండు వైర్లు మార్చాం.

దుమ్ము లాగే ఫ్యాన్‌తో మాత్రం మోసపోయాం. ఆ రకం ఫ్యాన్ ఉల్టా తిరిగినా గాలి లాగుతుంది, కాకపోతే బలం ఉండదు. గాలి వస్తోంది కదా అని వదిలేశాం. రెండో రోజు గొట్టం నిండా దుమ్ము పేరుకుంటే అప్పుడు చూశాం. గాలి వస్తోందా అని కాదు, ఫ్యాన్ బాణం గుర్తు వైపే తిరుగుతోందా అని చూడాలి.

బెల్టు ఎందుకు పక్కకు పోయింది?

కొత్త బెల్టు ఎక్కించి ఆన్ చేస్తే, కొన్ని సెకన్లలో కుడి పక్కకు జరిగి, అక్కడున్న లిమిట్ స్విచ్‌ను తాకేది. మెషిన్ బ్రేకు వేసుకుని ఆగిపోయేది. పదిసార్లు చేసినా అంతే.

నేను అనుకున్నదేంటంటే, బెల్టును సరిగ్గా మధ్యలో పెడితే అది అక్కడే తిరుగుతుందని. అది తప్పు. ఇంత వెడల్పు బెల్టు ఎప్పుడూ ఏదో ఒక పక్కకు జారుతూనే ఉంటుంది. అందుకే అంచు దగ్గర ఒక సెన్సర్ కన్ను పెడతారు. బెల్టు ఆ కన్నును కప్పితే, గాలి సిలిండర్ పై రోలర్‌ను కొంచెం తిప్పుతుంది, బెల్టు అటు పోతుంది. కన్ను తెరుచుకోగానే రోలర్ మళ్లీ ఇటు తిరుగుతుంది. అంటే బెల్టు మధ్యలో నిలబడదు. అటూ ఇటూ పోతుంటే ప్రతిసారీ వెనక్కి తెచ్చుకోవాలి. ఆ ఊగుడు వల్లే చెక్క మీద ఒకేచోట గీతలు పడవు కూడా.

తెలిసిన మెకానిక్ ఒకాయన వచ్చి, "ఆ స్విచ్‌కు వైరు జోడిస్తే అయిపాయె, ఆగనే ఆగది" అన్నాడు. బాపు కూడా సరే అనేలా ఉన్నాడు. అప్పటికే చిట్టీ వాయిదాలు మొదలయ్యాయి మరి. నేనే వద్దని పట్టుబట్టాను. టెస్ట్ ఫెయిలవుతోందని టెస్ట్‌నే తీసేయడం లాంటిది అది. స్విచ్ లేకపోతే బెల్టు ఇనుప ఫ్రేమును రుద్దుతుంది, నిప్పురవ్వలు లేస్తాయి, ఆ గొట్టంలో ఉన్నదంతా సన్నటి చెక్కదుమ్ము. షెడ్డు గోడకు ఆనుకునే మా నాయినమ్మ గది.

మర్నాడు కవర్ విప్పి చూస్తే సెన్సర్ కన్ను మీద జిగట దుమ్ము గట్టిగా పట్టేసి ఉంది. అంటే బెల్టు ఎక్కడున్నా "కప్పేసి ఉంది" అనే చెప్తోంది. అందుకే ఎప్పుడూ ఒకే పక్కకు తోస్తోంది. మెత్తటి గుడ్డతో తుడిచాం. బెల్టు వెనక్కి రావడం మొదలైంది, కానీ ఆలస్యంగా. గాలి మీటర్ చూస్తే 6 బార్ ఉండాల్సింది 3 దగ్గరే ఉంది. ఫిల్టర్ గిన్నె నిండా నీళ్లు. నీళ్లు వదిలి, లీకవుతున్న పైపు మార్చాక బెల్టు గడియారంలా అటూ ఇటూ ఊగింది. ఇప్పుడు పని అవగానే బెల్టు వదులు చేయడం కూడా అలవాటు చేసుకున్నాం. బిగించే ఉంచితే రబ్బరు రోలర్ ఒకచోట అణిగిపోతుంది.

దుమ్ము సంగతి

చెక్కదుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది. టేకు దుమ్ము కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది. రందా పట్టిన పొట్టు నేల మీద పడుతుంది, సాండర్ దుమ్ము గాల్లోనే తేలుతుంది. అందుకే ఫ్యాన్ ఆన్ కాకుండా సాండర్ స్టార్టవకుండా వైరింగ్ చేయించాం. మాస్క్ కూడా తప్పదు.

చివరి మాట

రెండు సమాన పట్టీలను ఎడమ అంచున ఒకటి, కుడి అంచున ఒకటి పంపి వెర్నియర్‌తో కొలిస్తే 0.4 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. టేబుల్ బోల్టులు సరిచేసి 0.1కి తెచ్చాం. తర్వాత మొదటి తలుపును 80, 120, 180 నంబర్ల బెల్టులతో పంపాం. మూడూ కలిపి అరగంట కూడా పట్టలేదు.

నిర్మల్ బొమ్మల లాంటి గుండ్రటి పనికి ఈ మెషిన్ పనికిరాదు, అక్కడ చెయ్యే కావాలి. చదును తలుపుకు కూడా కొంత చేతిపని మిగులుతుందని ఆ రోజే తెలిసింది. తలుపులో నిలువు చెక్కల పోగు నిలువుగా ఉంటుంది, అడ్డ చెక్కలది అడ్డంగా. బెల్టు మాత్రం ఒకే దిక్కు రుద్దుతుంది కాబట్టి అడ్డ చెక్కల మీద సన్నటి అడ్డగీతలు మిగిలాయి. బాపు అరచెయ్యి పెట్టి చూసి, "ఇంకో ఐదు నిమిషాలు చేత్తో పట్టాలె" అన్నాడు. ఉప్పుకాగితం ముక్క తీసుకుని, ఎడమ చేత్తో, నెమ్మదిగా రుద్దాడు.