మత్తులోని శాంతి భక్తియగునా?



కొంతకాలము క్రిందట నా యొద్ద పదవ తరగతి చదివి కాలేజీలో చేరిన బాలుడొకడు మా యింటికి వచ్చెను. లింగధారణ గల యింటి బిడ్డ. గంజాయికి అలవాటుపడినాడని వాని తల్లి అంతకుముందే కన్నీటితో చెప్పియుండెను. నేను మందలింపగా వాడు తల యెత్తి, "మాస్టారూ, శివుడే తాగుతాడంటారు కదా! పూజలో గంట కూర్చున్నా రాని శాంతి నాకు దాంతో క్షణంలో వస్తోంది. అది భక్తి కాదని మీరెలా చెప్పగలరు?" అని యడిగెను.

ఆనాడు నేను కోపపడితినే గాని సమాధానము చెప్పలేకపోతిని. ఈ ప్రశ్న వానియొక్కనిది కాదు. కావున ఈ పాఠము.

మొదట శివుని మాట. పాలసముద్రమున పుట్టిన హాలాహలమును శివుడు గ్రహించినది లోకరక్షణకు. తన సుఖమునకు గాదు. తన మత్తుకై పొగ పీల్చువాడు ఆ నీలకంఠుని సాక్ష్యముగా పిలుచుట న్యాయము కాదు.

ఇక ఆ శాంతి యెక్కడిది? గంజాయిలోని ముఖ్యమైన మత్తుపదార్థమగు టి.హెచ్.సి.ని 1964లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు వేరుచేసి దాని నిర్మాణమును తెలిపిరి. మన మెదడే స్వయముగా పుట్టించుకొనుచు, అదే తావున పనిచేయు మరియొక పదార్థమును 1992లో కనుగొని, సంస్కృతములోని 'ఆనంద' శబ్దముతో దానికి 'ఆనందమైడ్' అని పేరిడిరి. శరీరము మితముగా ఇచ్చుకొను దానిని పొగ అమితముగా అనుకరించుచున్నది. అలవాటు ముదిరిన కొలది మోతాదు పెరుగును. మానినచో చిరాకు, నిద్రలేమి కలుగును. మెదడు సుమారు 25 ఏండ్ల వరకును ఎదుగుచునే యుండును గనుక జ్ఞాపకశక్తికిని, ఏకాగ్రతకును కలుగు హాని బాల్యమున అధికము. కొందరికి లేని మాటలు వినబడును, లేని రూపములు కనబడును. దేవుడు తనతో మాటాడుచున్నాడను అట్టి బాలుని మహిమగలవాడని కొలువరాదు, వైద్యునికి చూపవలెను.

లింగపూజ కోరునదేమి? ఎడమ అరచేత ఇష్టలింగమునుంచి దృష్టిని నిలుపుట. మనస్సు పరుగెత్తును, మరల తెచ్చుకొనవలెను. ఆ తెచ్చుకొనుటయే సాధన. మత్తు ఆ శ్రమను తప్పించునట్లు కనబడి, శ్రమపడు శక్తినే హరించును.

12వ శతాబ్దమున కల్యాణనగరమున బసవేశ్వరుడు బోధించిన కాయకము, దాసోహము ఇచట మనకు ఒరగల్లు. నీకు కలిగిన శాంతి నిన్ను పనికి పంపినదా? తల్లితో సత్యము చెప్పించినదా? ఉన్నదానిని పదుగురితో పంచుకొమ్మన్నదా? దాచుట, అబద్ధమాడుట, ఇంటి సొమ్ము తీయుట నేర్పిన శాంతి భక్తి కాజాలదు.

పెద్దలకును ఒక మాట. అర్థము చెప్పక పూజ చేయించితిమి గనుకనే బిడ్డ ఆ ప్రశ్న వేసెను. వానిని పదుగురిలో అవమానింపరాదు. ప్రమాణము చేయించినంత మాత్రమున వ్యసనము వదలదు, చికిత్స కావలెను. 14446 అను జాతీయ సహాయ సంఖ్యకు ఉచితముగా ఫోను చేయవచ్చును. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ప్రకారము గంజాయి కలిగియుండుట నేరమే. అయినను స్వల్ప పరిమాణపు కేసులలో, ప్రభుత్వము నడుపు లేదా గుర్తించిన చోట స్వచ్ఛందముగా చేరి చికిత్స పూర్తిచేయు వ్యసనపరునికి 64ఎ సెక్షను రక్షణ నిచ్చుచున్నది. మఠములు నెలకొకనాడు పిల్లల సందేహములను కోపింపక వినిన మేలు.

ఆ బాలుని యింటికి నేనే వెళ్ళి ఈ మాటలు చెప్పితిని. వాడు వెంటనే మారలేదు. ఇప్పుడు తల్లి వెంట వైద్యుని యొద్దకు పోవుచున్నాడు. మొన్న వచ్చి, "మాస్టారూ, పూజలో ఇంకా నాకేమీ తెలియడం లేదు" అనెను.

"తెలియకపోయినా కూర్చున్నావు గదా, నాయనా! ఈనాటికి అది చాలు" అంటిని.

శరణు శరణార్థి.