చౌడు గట్టున జమ్మి నాటండి

రోహిణి కార్తె ఎండలకు చౌడు తన గుట్టు బయటపెడుతుంది. సికింద్రాబాద్ దాటి ఘట్‌కేసర్ వైపు, ఏళ్లుగా మూసీ మురుగునీరు పారిన పొలాలను ఇప్పుడు చూడండి. తడి ఆవిరై పైకి లాగిన ఉప్పు తెల్లగా పేరుకుని ఉంటుంది. వానలు పడితే అదే ఉప్పు కరిగి కిందికి దిగుతుంది. ఏటా జరిగే ఈ రాకపోకలను కనిపెట్టి బతికే చెట్టు మనం దసరాకు మొక్కే జమ్మి. తెలంగాణకూ, ఎడారి రాష్ట్రం రాజస్థాన్‌కూ రాష్ట్ర వృక్షం ఇదే.

జమ్మి మొక్క తొలి ఏళ్లలో ఎదగడం లేదని రైతులు పీకేస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. పైన జానెడే ఉన్నా, దాని తల్లివేరు ఉప్పు ఎక్కువున్న పైపొరను దాటి లోతు తేమ కోసం దిగుతూ ఉంటుంది. ఆకులు సన్నని రెబ్బలుగా చీలి ఉండడంతో ఎండకు అంతగా వేడెక్కవు, నీటినీ పొదుపుగా ఖర్చు చేస్తాయి. ఇది ఎండాకాలం మొదట్లోనే పాత ఆకు రాల్చి కొత్త చిగురు తొడుగుతుంది. మేకలకు మేత కరువైన రోజుల్లో ఆ రొట్టే ఆధారం.

ముందు మట్టి పరీక్ష చేయించండి. పైన పేరుకున్న ఉప్పు పొరను నమూనాలో కలపకుండా విడిగా తీయండి. ఉదజని సూచిక 8.5 దాటి, సోడియం ఎక్కువుంటే కారు చౌడు. దానికే జిప్సం అవసరం. కరిగే ఉప్పు ఎక్కువున్న పాల చౌడుకు జిప్సం వేస్తే డబ్బు దండగ, దానికి మంచి నీరు నిలగట్టి, మురుగు కాలువ తీసి ఉప్పును కడగాలి.

కారు చౌడులో మామూలు గుంత చాలదు. కింద సున్నపు గడ్డల పొర వేరును అడ్డుకుంటుంది. బర్మాతో 15 సెంటీమీటర్ల వెడల్పున, 120 సెంటీమీటర్లకు తగ్గకుండా రంధ్రం వేయండి. తీసిన మట్టిలో 3 కిలోల జిప్సం, 8 కిలోల చివికిన పశువుల ఎరువు కలిపి నింపండి. మృగశిరలో ఒకటి రెండు మంచి వానలు పడ్డాక మొక్క పెట్టండి. మొదట్లో ఎండుగడ్డి కప్పితే ఉప్పు పైకి రావడం తగ్గుతుంది.

కానుగ, నల్ల తుమ్మ కూడా పనికొస్తాయి. సర్కారు తుమ్మ మాత్రం వద్దు. చౌడును తట్టుకున్నా, చేనంతా కమ్మేస్తుంది. గుంతలు ఈ వారమే తవ్వుకోండి.