దుబాసీ లేని దర్బారు: లినక్సు కంప్యూటరులో డ్రైవరు సమస్య



మనలో చాలమందికి ఇంటిభాష ఉర్దూ, తరగతిలో తెలుగు, బజారులో రెండూ కలిసిన హైదరాబాదీ. కనుక దుబాసీ విలువ మనకు వేరే చెప్పనక్కరలేదు. ఇద్దరూ పండితులే అయినా ఒకరి భాష మరొకరికి తెలియనప్పుడు నడుమ ద్విభాషి లేనిదే కార్యము సాగదు. ఉస్మానియా విశ్వవిద్యాలయములో ఉర్దూ ద్వారా ఉన్నతవిద్య నేర్పదలచినప్పుడు, పాఠ్యగ్రంథాల కొరకు 1917లో దారుత్తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పినారు. కంప్యూటరులో డ్రైవరు అనే ప్రోగ్రాము చేసే పనియు ఇటువంటిదే. యంత్రాన్ని నడిపించే కెర్నెలుది ఒక భాష. వైఫై చిప్పుదో, ప్రింటరుదో మరొక భాష. డ్రైవరు ఆ రెండింటి నడుమ నిలిచిన దుబాసీ.

నేను తెలుగు బోధించేవాడను. కంప్యూటరు నా వృత్తి కాదు. అయినను ఈ వ్యాసము వ్రాయుటకు ఒక కారణము కలదు. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు మైక్రోసాఫ్టు సంస్థ సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11 అనేక పాత యంత్రాలను అంగీకరించదు. అటువంటి యంత్రాలను పారవేయక, వాటిలో ఉచితముగా లభించే లినక్సును నెలకొల్పుకొనవచ్చును. ఆ దారిలో విద్యార్థికి తరచుగా ఎదురయ్యే అడ్డంకి డ్రైవరు.

కొంతకాలము క్రిందట బి.కాం. చదివే విద్యార్థి యొకడు తన మేనమామ ఇచ్చిన పదేండ్లనాటి ల్యాప్‌టాపులో లినక్సు వేసుకొన్నాడు. అన్నియు పనిచేసినవి గాని వైఫై కనబడలేదు. పంజగుట్ట నుండి అమీర్‌పేట పోయి, మైత్రీవనము పరిసరాలలోని ఒక దుకాణములో చూపించినాడు. “చిప్పు చచ్చిపోయింది భాయ్, కొత్త ల్యాప్‌టాపు తీసుకో” అన్నారట. తండ్రి ఆటో నడుపుతాడు. కుమారుని చదువు ఆగరాదని అప్పు చేయుటకు సిద్ధపడినాడు. ఆ సంగతి చెప్పి, “ఏం చేయమంటారు సార్?” అని కుర్రవాడు నా ముందు నిలుచున్నాడు.

నేను చేసినదల్లా ఆ చిప్పు పేరు అడుగుట. హకీము నాడి చూడక మందు ఇవ్వడు గదా! పెట్టెపైనున్న కంపెనీ పేరు మనకు పనికిరాదు. లోపలి చిప్పు పేరే కావలెను. ఒకే కంపెనీ ఒకే నమూనాలో వేరువేరు చిప్పులు అమర్చుట కద్దు. లోపలి కార్డుల పేర్లు తెలిసికొనుటకు టెర్మినలులో ‘ఎల్ఎస్‌పీసీఐ’ అని, కొంత ఎడమిచ్చి ‘మైనస్ ఎన్ఎన్‌కే’ అని ఆంగ్లములో చిన్న అక్షరాలతో టైపు చేయవలెను. యూఎస్‌బీకి తగిలించే పరికరాలకు ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ అనవలెను. అప్పుడు ప్రతి పరికరమునకు ఎదురుగా రెండు సంఖ్యల జంట కనబడును. మొదటిది తయారీదారునిది, రెండవది ఆ చిప్పుది. ఈ కుర్రవాని ల్యాప్‌టాపులో కనబడినది బ్రాడ్‌కామ్ బీసీఎం 43142. సంఖ్యలు 14ఇ4, 4365.

ఇక్కడ మూడు విధాలుగా జరుగవచ్చును. వీటిని వేరుచేసి చూచుటయే ఈ విద్యలో సగము.

మొదటిది: జాబితాలో పరికరమే లేకుండుట. అప్పుడు అది వదులై ఉండవచ్చును, బయోస్‌లో నిలుపబడి ఉండవచ్చును, లేదా నిజముగా చెడిపోయి ఉండవచ్చును. దుకాణదారుని మాటకు కొంత ఆధారము దొరికేది ఈ సందర్భములోనే.

రెండవది: పరికరము కనబడుచు, దాని క్రింద ‘కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అనే పంక్తి లేకుండుట. అతిథి వచ్చినాడు, దుబాసీ రాలేదన్న మాట. తగిన డ్రైవరును చేర్చవలెను.

మూడవది: డ్రైవరు పేరు కనబడినను పని జరుగకుండుట. అప్పుడు ‘ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్’ అని అడిగి, వైఫై మీట మూయబడి ఉన్నదేమో చూడవలెను. తరువాత ‘సుడో డీమెసేజ్’ అని టైపు చేసి కెర్నెలు వ్రాసుకొన్న దినచర్యను చదువవలెను. ఈ ఆజ్ఞను ఆంగ్లములో డీ, ఎం, ఈ, ఎస్, జీ అనే అయిదక్షరాలతో వ్రాస్తారు. అందులో ఫర్మ్‌వేరు దొరకలేదన్న మాట ఉన్నచో లోపము డ్రైవరుది కాదు. చిప్పులోనికి ఎక్కించవలసిన ఒక చిన్న ఫైలు లేదన్న మాట. 2023 జూనులో వెలువడిన డెబియన్ 12 నుండి ఇట్టి ఫైళ్లు అధికార ప్రతిష్ఠాపన ప్రతిలోనే చేరినందున ఈ చిక్కు తగ్గినది.

మన కుర్రవానిది రెండవ సందర్భము. లినక్సులో చాల డ్రైవర్లు కెర్నెలుతోనే వస్తాయి. విండోస్ వలె సీడీ వెదుకుకొనే పని సాధారణముగా ఉండదు. బ్రాడ్‌కామ్ సంస్థ 2010 సెప్టెంబరులో కొన్ని వైఫై చిప్పులకు మూలలిపి తెరచిన డ్రైవరును విడుదల చేసినది గాని, ఈ 43142 ఆ పంక్తిలోనిది కాదు. దీనికి ఆ సంస్థవారి ‘డబ్ల్యూఎల్’ అనే మూత డ్రైవరే శరణ్యము. ఉబుంటులో ‘అడిషనల్ డ్రైవర్స్’ అనే కిటికీ తెరచి దానిని ఎంచుకొనవచ్చును.

వైఫై లేనిదే డ్రైవరు దిగదు, డ్రైవరు లేనిదే వైఫై రాదు. పెండ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదన్న సామెత ఇక్కడ సార్థకమైనది. మార్గము సులభమే. సెల్‌ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి, ఫోనులో యూఎస్‌బీ టెదరింగు పెట్టినచో, దానికి కావలసిన డ్రైవరు కెర్నెలులోనే ఉన్నందున, చాలవరకు ఇంటర్నెట్టు వెంటనే వచ్చును.

డ్రైవరు దిగినది. వైఫై అప్పటికిని రాలేదు! కుర్రవాని ముఖము వాడిపోయినది. డ్రైవరును చేతితో పిలిచి చూడగా, తాళపుచెవి అంగీకరింపబడలేదని సందేశము వచ్చినది. ఇది సెక్యూర్ బూట్ అనే కావలివాని పని. ముద్ర లేని వానిని అతడు కోటలోనికి రానీయడు. దీనికి ఉపాయము ఉన్నది. డ్రైవరు ప్రతిష్ఠించునప్పుడు యంత్రము ఒక సంకేతపదము అడుగును. యంత్రము మరల ఆరంభమైనప్పుడు కనబడే తెరపై ‘ఎన్‌రోల్ మోక్’ ఎంచుకొని ఆ పదమునే ఇవ్వవలెను. మొదటిసారి ఆ తెరను మా కుర్రవాడు తొందరలో దాటవేసినాడు. మరల చేసినాము. వైఫై వచ్చినది. గంటన్నర పట్టినది, ఖర్చు ఏమియు లేదు.

మరొక హెచ్చరిక. ఇట్టి డ్రైవరు కెర్నెలు మారినప్పుడెల్ల మరల నిర్మింపబడవలెను. ఆ పని డీకేఎంఎస్ అనే సాధనము చేయును గాని, దానికి ఆ కెర్నెలుకు చెందిన హెడర్ ఫైళ్లు ఉండవలెను. నవీకరణ తరువాత వైఫై పోయినచో, ఆరంభపు పట్టికలో పాత కెర్నెలును ఎంచుకొని చూడుడు. అందులో పనిచేసినచో చిప్పు చెడలేదని తేలినట్లే. ఒక్కొక్క మార్పే చేసి ప్రతి అడుగును కాగితముపై వ్రాసికొనుడు. అర్థము కాని ఆజ్ఞకు ముందు ‘సుడో’ చేర్చరాదు. అది ఇంటి తాళాలను అపరిచితునికి ఇచ్చుటయే.

డ్రైవరు తగవు నేటిది కాదు. 1980 ప్రాంతములో అమెరికాలోని ఎం.ఐ.టి. ప్రయోగశాలకు వచ్చిన లేజరు ప్రింటరులో కాగితము ఇరుక్కొన్నప్పుడు వాడుకరులకు తెలియజేయుటకు దాని ప్రోగ్రామును సవరింపదలచిన రిచర్డ్ స్టాల్‌మన్‌కు మూలలిపి నిరాకరింపబడినది. ఆయన 1983లో గ్నూ ప్రణాళికను ప్రకటించుటకు ఆ అనుభవమొక ప్రేరణ. 1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ వ్రాసిన కెర్నెలు దానితో చేరి నేటి లినక్సు అయినది.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ప్రయోగశాలలోని పాత యంత్రాలను తుక్కు క్రింద వ్రాయుటకు ముందు, ప్రతిదాని చిప్పుల సంఖ్యలను ఒక రిజిస్టరులో వ్రాయించి, ప్రతిష్ఠింపకయే లినక్సును నడిపి చూపే పెన్‌డ్రైవు నొకదానిని ఉంచవలసినదిగా కోరుచున్నాను. ఏ యంత్రము పనికివచ్చునో అర్ధగంటలో తేలును. ఆ కుర్రవాని తండ్రి అప్పు చేయలేదు. ఇంకొక తండ్రికి కూడ ఆ అవసరము రాకుండునని ఆశించుచు విరమించుచున్నాను.