ఒక్క దర్వాజానే నమ్ముకోవద్దు
కరోనా నేర్పిన మార్కెట్ పాఠం: కూరగాయలు, ఆకుకూరల రైతులకు సూచనలు

హైదరాబాద్ పాత నగరం చుట్టూ ఒకప్పుడు కోటగోడ, దానికి వరసగా దర్వాజాలు ఉండేవి. ఇప్పుడు నిలిచి ఉన్నవి రెండే. ఒకటి దబీర్‌పురా, ఇంకొకటి పురానాపూల్. దబీర్‌పురాతో మనకేం పని అనుకోకండి. మీర్ ఆలం మండి, మాదన్నపేట మార్కెట్ దానికి దగ్గర్లోనే ఉన్నాయి. నగరం చుట్టుపక్కల మండలాల్లో మీరు కోసిన కొత్తిమీర, పుదీనా, పాలకూర ఇలాంటి మండీల మీదుగానే గల్లీల్లోని తోపుడు బండ్లకు చేరతాయి. ఆ బండి ఆగితే మీ మడి ఆగినట్లే. 2020లో జరిగింది అదే.

ఆ వేసవిలో ఏమైంది?

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. బస్సులు, ఎంఎంటీఎస్ రైళ్లు ఆగాయి. హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు మూతపడ్డాయి. కూరగాయల అమ్మకానికి అనుమతి ఉంది, కానీ కొనే పెద్ద చేతులు లేవు. ఏప్రిల్ చివర్లో రంజాన్ మొదలైంది. ఏటా ఆ నెలలో పాత నగరానికి పుదీనా, ఉల్లి, నిమ్మ ఎంత పోసినా చాలవు. ఆ ఏడు హోటళ్లవాళ్లు హలీం వండటమే మానుకున్నారు. రంజాన్ గిరాకీ చూసుకుని వేసిన పంటకు అడిగే నాథుడు లేకుండా పోయాడు. కోత కూలీ కూడా రాదని పశువులకు వదిలేసిన మడులు ఉన్నాయి.

అప్పుడే మార్కెటింగ్ శాఖ సంచార రైతు బజార్లు నడిపింది. వ్యాన్లలో కూరగాయలు కాలనీలకు వెళ్లాయి. అంటే తినేవాళ్లు ఎక్కడికీ పోలేదు, వాళ్ల దగ్గరకు వెళ్లే దారే మూసుకుపోయింది. మరో దారి తెలిసిన రైతు ఎంతో కొంత గట్టెక్కాడు. ఒక్క అడ్తినే నమ్ముకున్న రైతు మునిగాడు.

అంటువ్యాధి మళ్లీ వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. వరదలు, సమ్మెలు, ధర పడిపోవడం మాత్రం వస్తూనే ఉంటాయి. అన్నిటికీ జాగ్రత్తలు ఒకటే.

1. విత్తనం విడతలుగా వేయండి

కొత్తిమీర 35 నుంచి 45 రోజుల్లో కోతకొస్తుంది. 20 గుంటలూ ఒకే రోజు చల్లితే అంతా ఒకే వారంలో కోయాలి. ఆ వారం మార్కెట్ మూస్తే మొత్తం పోయినట్లే. అదే 5 గుంటల చొప్పున నాలుగు మడులు చేసి, పది రోజుల తేడాతో చల్లితే పోయేది ఒక మడి. మిగతా మూడు మడులు మీ చేతిలో ఉంటాయి. ఉన్న భూమంతా ఆకుకూరలే వేయకుండా, కొంతలో ఉల్లి, గుమ్మడి, ఎండుమిర్చి వంటి నిల్వ ఉండే పంట వేసుకోవాలి.

2. రెండు మూడు రోజులు ఆపుకోగలగాలి

పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన కరెంటు లేని చల్లని గది చిన్న రైతుకు అందుబాటులోనే ఉంది. చెట్టు నీడన నేల మీద ఒక వరస ఇటుకలు పరవండి. దాని మీద రెండు వరసల ఇటుక గోడ కట్టి, మధ్యలో మూడు అంగుళాల సందు వదిలి ఇసుక నింపండి. పైన గడ్డి మూత పెట్టి పొద్దున, సాయంత్రం తడపండి. ఎండాకాలం బయటికంటే లోపల 10 నుంచి 15 డిగ్రీలు తక్కువ ఉంటుంది. ఆకుకూర రెండు మూడు రోజులు వాడదు. ఆ గడువు చేతిలో ఉంటే వచ్చిన ధరకే ఇచ్చేసే అవస్థ తప్పుతుంది.

3. అమ్మే దారులు మూడు పెట్టుకోండి

మండిని వదలమని కాదు. సగం సరుకు మండికి, పావు రైతు బజారుకు, పావు నేరుగా బండ్లవాళ్లకు, కిరాణా కొట్లకు వేసి చూడండి. రైతు బజార్లు 1999 నుంచి ఉన్నాయి. రైతు కార్డు పనుండి పరుగెత్తే రోజున కాదు, ముందే తీసుకోవాలి. దబీర్‌పురా లాంటి బస్తీల్లో ఇద్దరు ముగ్గురు బండ్లవాళ్ల ఫోన్ నంబర్లు రాసిపెట్టుకోండి. వాళ్ల దగ్గర పెట్టుబడి లేకపోతే మీ సరుకు కొనలేరు. వీధి వ్యాపారులకు రుణమిచ్చే ప్రధానమంత్రి స్వనిధి పథకం 2020 జూన్‌లో మొదటి విడత 10 వేల రూపాయలతో మొదలైంది. తెలియనివాళ్లకు ఆ సంగతి చెప్పండి. వాళ్ల బండి నడిస్తేనే మన పంట కదులుతుంది.

4. అప్పు సంగతి ముందే చూసుకోండి

కష్టకాలంలో రైతును ముంచేది పంట కంటే వడ్డీ. నూటికి రెండు రూపాయల వడ్డీకి 20 వేలు తెస్తే ఏడాదికి 4,800 కట్టాలి. కిసాన్ క్రెడిట్ కార్డు మీద గడువులోగా కడితే వడ్డీ 4 శాతమే, అంటే 800. రెండు లక్షల వరకు తాకట్టు అడగకూడదని 2025 జనవరి నుంచి నిబంధన ఉంది. పాడి పశువులకూ ఈ కార్డు వర్తిస్తుంది.

5. ఒంటరిగా ఉండొద్దు

భీమదేవరపల్లి మండలం ములుకనూరులో రైతులు 1956లోనే సహకార సంఘం పెట్టుకున్నారు. అప్పు, ఎరువు, పంట కొనుగోలు అన్నీ సంఘం ద్వారానే. అంత పెద్దది కాకపోయినా, పదిమంది కలిసి ఒక ఆటో మాట్లాడుకున్నా కిరాయి పదో వంతు అవుతుంది. ఒకరి మడి ఎండినా మరొకరి సరుకుతో బండ్లవాళ్ల వాడకం తెగిపోదు.

ఈసారి విత్తనం కొనే ముందు ఒక కాగితం తీసుకుని, మీ సరుకు ఎవరెవరు కొంటారో పేర్లు రాయండి. ఒక్క పేరే వచ్చిందంటే విత్తనం కంటే ముందు రెండో పేరు వెతకండి.