ఎవరూ చూడని తపస్సు: గీత 17వ అధ్యాయం చెప్పే లెక్క

ఈ వారం వీడియోలో భగవద్గీత 17వ అధ్యాయం, అంటే శ్రద్ధాత్రయ విభాగ యోగం గురించి మాట్లాడుకున్నాం. ఫోన్ చేతిలో పట్టుకుని పెరిగిన మన తరానికి ఆ అధ్యాయంలో బాగా సూటిగా తగిలేది 18వ శ్లోకం. దాన్ని ఇక్కడ కాస్త తీరిగ్గా చూద్దాం.

శ్లోకం ఏం చెబుతోంది?

కృష్ణుడు తపస్సుని మూడు రకాలుగా విడదీస్తాడు. ఫలం మీద ఆశ లేకుండా, పూర్తి శ్రద్ధతో చేసేది సాత్త్వికం. మూర్ఖపు పట్టుదలతో ఒంటిని హింసించుకుంటూ, లేదా ఇంకొకరికి కీడు జరగాలని చేసేది తామసం. ఈ రెండిటి మధ్యలో ఉన్నది రాజసం. సత్కారం, మానం, పూజ అనే మూడింటి కోసం, డంబంగా చేసే తపస్సు ఇది.

ఆ మూడు మాటలకీ శంకరాచార్యులవారు భాష్యంలో విడివిడిగా అర్థం చెప్పారు. సత్కారం అంటే “ఈయన ఎంత మంచివాడు, గొప్ప తపస్వి” అని నలుగురూ అనుకోవడం. మానం అంటే మనం రాగానే లేచి నిలబడి దణ్ణం పెట్టడం. పూజ అంటే కాళ్ళు కడగడం, అర్చించడం, భోజనం పెట్టడం లాంటి మర్యాదలు. ఇప్పుడు రూపం మారింది, అంతే. కామెంట్లలో చేతులు జోడించిన ఎమోజీలు, స్టేజీ మీద శాలువా, గుడి ఫ్యాను రెక్క మీద దాత పేరు అన్నీ ఈ మూడింటి కిందకే వస్తాయి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. కృష్ణుడు ఈ తపస్సుని పాపం అనలేదు. దీనికి ఫలితం రాదని కూడా అనలేదు. రెండే మాటలన్నాడు: చలం, అధ్రువం. అంటే కదిలిపోయేది, నిలకడ లేనిది.

ఎందుకు నిలవదు?

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకబ్బాయి 41 రోజుల దీక్ష మొదలుపెట్టాడు. మొదటి రోజు స్టేటస్ పెడితే అందరూ మెచ్చుకున్నారు. ఇరవయ్యో రోజుకి చూసేవాళ్ళు తగ్గిపోయారు. సరిగ్గా అప్పుడే తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం కష్టం అనిపించడం మొదలైంది. నీళ్ళు మొదటి రోజూ అంతే చల్లగా ఉన్నాయి! తగ్గింది నీళ్ళ వేడి కాదు, చూసే కళ్ళు. పునాది ఇతరుల చేతుల్లో పెట్టాం కాబట్టి, వాళ్ళు పక్కకి చూడగానే ఇల్లు ఊగింది.

అన్నదానంలో రోజంతా వడ్డించి, చివర్లో మైకులో తన పేరు చదవలేదని మర్నాటి నుంచి రావడం మానేసేవాళ్ళు ఉంటారు. వడ్డించిన అన్నం అబద్ధం కాదు. తిన్నవాళ్ళ ఆకలి నిజంగానే తీరింది. కానీ చేసినవాడికి మాత్రం రోజంతా చేసిన సేవ ఒక్క మైకు ప్రకటన ముందు తేలికైపోయింది. నష్టం ఇక్కడే జరుగుతోంది.

కుడిచేతి దానం ఎడమచేతికి తెలియకూడదని మన ఇళ్ళలో కూడా అంటుంటాం. ఏసుక్రీస్తు కొండ మీది ప్రసంగంలో ఆ మాట ఉంది. ఆయన అక్కడ చెప్పే సంగతీ దీనికి దగ్గరే. జనం మెప్పు కోసం దానం చేసినవాళ్ళకి ఆ మెప్పే జీతం, అది ముట్టింది కాబట్టి ఇక బాకీ ఏమీ లేదు. వేరే మతం, వేరే భాష. మనసు వేసే వేషం మాత్రం ఒకటే.

మరి అన్నీ దాచిపెట్టాలా?

అక్కర్లేదు. త్యాగరాజస్వామినే చూడండి. 1767లో తిరువారూరులో పుట్టి, 1847లో తిరువయ్యారులో సిద్ధి పొందిన ఆయన గదిలో తలుపులేసుకుని పాడలేదు. ఉంఛవృత్తిలో వీధి వీధీ తిరుగుతూ, అందరికీ వినిపించేలా పాడారు. ఇళ్ళవాళ్ళు వేసిన బియ్యంతో బతికారు. అదే మనిషి, తంజావూరు రాజు శరభోజి ఆస్థానానికి రమ్మని కానుకలతో కబురు పంపితే వెళ్ళలేదని సంప్రదాయం చెబుతుంది. కల్యాణి రాగంలో “నిధి చాల సుఖమా” కృతి ఆ సందర్భంలోనే పుట్టిందంటారు. సంపదనీ రాముడి సన్నిధినీ పక్కపక్కన పెట్టి, ఏది సుఖమో నువ్వే చెప్పమని తన మనసునే అడిగే పాట అది.

వీధిలో జనం విన్నారు, సభలోనూ జనం వింటారు. తేడా ఎక్కడుంది? ఎవరి కోసం పాడుతున్నాం అన్నదాంట్లో ఉంది. కాబట్టి ఫొటో పెట్టడం తప్పా అన్నది అసలు ప్రశ్న కాదు. ఫొటో లేకపోయినా ఆ పని చేసేవాళ్ళమా? అదీ ప్రశ్న.

ఒక పొరపాటు అర్థం

“చూశారా, ఆయన కీర్తి వద్దన్నారు కాబట్టే చివరికి అంత కీర్తి వచ్చింది” అని చాలామంది ఈ కథ ముగిస్తారు. ఇది తప్పు పాఠం. ఇలా అనుకుంటే కీర్తిని వదిలినట్టు కాదు, వాయిదా వేసినట్టు. పైగా ఆయన వెళ్ళిపోయిన తర్వాత ఆ సమాధి ఆదరణ లేక పాడుబడింది కూడా. 1920లలో బెంగుళూరు నాగరత్నమ్మగారు తన సొమ్ము వెచ్చించి అక్కడ గుడి కట్టించారు. ఇప్పుడు ఏటా పుష్య బహుళ పంచమికి అక్కడ ఎందరో కలిసి పంచరత్న కీర్తనలు పాడుతున్నారు. ఒకవేళ ఆ గుడి కట్టేవాళ్ళే రాకపోయి ఉంటే? త్యాగరాజస్వామికి ఏమీ పోయేది కాదు. ఆయనకు కావలసింది పాడుతున్నప్పుడే దొరికింది.

ఏది నిలుస్తుంది?

18వ అధ్యాయంలో కృష్ణుడు యజ్ఞం, దానం, తపస్సు మనిషిని శుద్ధి చేస్తాయని చెబుతాడు. రెండో అధ్యాయంలో, ఈ దారిలో చేసిన ప్రయత్నం ఏదీ వృథా పోదని, కొంచెం చేసినా అది పెద్ద భయం నుంచి కాపాడుతుందని భరోసా ఇస్తాడు. నిలిచే ఫలితం అంటే ఇదే. ఎక్కడో ఖాతాలో పుణ్యం పోగుపడటం మాత్రమే కాదు, మనం లోపల ఎలాంటి మనుషులుగా తయారవుతున్నాం అన్నది. దాన్ని ఎవరూ అన్‌ఫాలో చెయ్యలేరు.

17వ అధ్యాయంలోనే కృష్ణుడు మానసిక తపస్సు అంటే ఏమిటో చెప్పాడు: మనసు ప్రసన్నంగా ఉంచుకోవడం, సౌమ్యత, మౌనం, మనసుని అదుపులో పెట్టుకోవడం, భావశుద్ధి. ఈ అయిదింటిలో ఒక్కదానికైనా ఫొటో తియ్యగలమా? ఆఫీసులో మేనేజర్ అందరి ముందూ అరిచినా, సాయంత్రం ఇంటికొచ్చి అమ్మ మీద ఆ విసుగు చూపించకపోతే అది తపస్సే. అమ్మకి కూడా తెలియదు.

ఈ వారం సాధన

ఒకటి: ఏడు రోజులు ఎవరికీ చెప్పకుండా ఒక్క మంచి పని చెయ్యండి. చిన్నదైనా చాలు. అయిపోయాక కూడా చెప్పొద్దు. మాకూ చెప్పొద్దు!

రెండు: గుడిలోనో సేవలోనో ఫోన్ బయటికి తీసే ముందు, ఇది లేకపోయినా వచ్చేవాణ్ణా, వచ్చేదాన్నా అని ఒక్కసారి అడుక్కోండి. జవాబు ఏదైనా పర్వాలేదు, నిజం చెప్పుకోండి.

మూడు: ఎవరైనా పొగిడినా, అసలు పట్టించుకోకపోయినా, మనసులో “కృష్ణార్పణం” అనుకుని పనిలోకి వెళ్ళిపోండి. మొదట్లో పొగడ్త దగ్గర ఇది సులువు, పట్టించుకోనప్పుడు కష్టం. ఆ కష్టంగా ఉన్న చోటే అసలు సాధన మొదలవుతుంది.

చానెల్ నడిపే మాకూ ఇదే పరీక్ష. వ్యూస్ తగ్గిన వారం కూడా అదే శ్రద్ధతో శ్లోకం చదవగలగాలి.

వచ్చే వారం ఇదే అధ్యాయంలోని మూడు రకాల దానం గురించి మాట్లాడుకుందాం.

శ్రీకృష్ణార్పణమస్తు.